ఓడెక్కినవాళ్ళ చిట్టా

కోస్తా కాగితాలు: 7వ భాగం

కిందటి భాగంలో కరణం లెక్కలు చూశాం. భూమి ఉన్నవాడి పేరు అడంగల్లోనూ శిస్తు లెక్కల్లోనూ తరాల తరబడి ఎలా నిలిచిపోయిందో చెప్పుకున్నాం. మరి సెంటు భూమి కూడా లేనివాడి సంగతేమిటి? ఊళ్ళో ఉన్నంతకాలం అతను ఒకరి పద్దులో పాలేరు, మరొకరి పద్దులో బాకీదారు. సర్కారు కాగితానికి అతనితో పని లేదు. పని పడిందల్లా అతను ఊరు వదిలి ఓడ ఎక్కినప్పుడే. అదీ అన్ని ఓడల విషయంలో కాదు.

గోదావరి డెల్టాలోని ఒకే పల్లె నుంచి, 1890లలో ఒకే కరువు ఏడాది ఇద్దరు అన్నదమ్ములు బయల్దేరారనుకుందాం. పెద్దవాడు మద్రాసు చేరి, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళే ఓడ ఎక్కాడు. చిన్నవాడు కాకినాడ రేవులో రంగూన్ ఓడ ఎక్కాడు. పెద్దవాడి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ ఎక్కడుందో కూడా ఓడ జాబితాలో రాసి ఉంటుంది. ఆ జాబితాలు డర్బన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. చిన్నవాడు మాత్రం ఆ ఏడాది రేవు దాటిన డెక్ ప్రయాణికుల మొత్తంలో కలిసిపోయిన ఒక అంకె. ఈ తేడా ఎందుకొచ్చిందన్నదే ఈ భాగం కథ.

పడవకు లైసెన్సు, మనిషికి లేదు

ముందు ఊరి నుంచి రేవు దాకా వెళ్దాం. 1832-33 నందన కరువు, దాని వెనకే వచ్చిన తుపానులు, వలసలు గోదావరి జిల్లాను దెబ్బతీశాయి. సర్కారుకు శిస్తు పడిపోయింది. ఆ పరిస్థితిలో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టకు ప్రతిపాదన పెట్టాడు. 1847లో పని మొదలై 1852కు ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అంటూ నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా కట్టారు.

కాటన్ అంటే మనకు సాగునీరే గుర్తొస్తుంది. ఆయన దృష్టిలో కాలువ అంటే రవాణా కూడా. ఇండియాకు రైలు కంటే నీటి దారి చవక అని ఆయన చివరిదాకా వాదించాడు. అందుకే డెల్టా ప్రధాన కాలువల్ని పడవలు నడిచేలా తవ్వించి, నీటిమట్టం మారేచోటల్లా లాకులు పెట్టించారు. కాకినాడ కాలువ, కోరంగి కాలువ, బ్యాంకు కాలువ సముద్రం వైపు దారితీశాయి. పడమటి వైపు ఏలూరు కాలువ వెళ్ళి కృష్ణా కాలువలతో కలిసింది. కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం వరకు వెళ్తే, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ మద్రాసు దాకా తీసుకెళ్ళేది. 1876లో మొదలైన ధాత కరువులో జనానికి పని కల్పించడానికి ఈ కాలువలో కొంత భాగం తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు పేరు దానికి పెట్టారు. అలా కాకినాడలో ధాన్యం ఎత్తిన పడవ సముద్రం మొహం చూడకుండానే మద్రాసు చేరగలిగేది.

లాకు దగ్గర దృశ్యం ఒకసారి చూడండి. పడవ వచ్చి ఆగుతుంది. సరంగు కిందికి దిగి లాకు ఆఫీసులో పడవ నంబరు చెబుతాడు. ఎంత సరుకు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది గుమస్తా రాసుకుంటాడు. రుసుము కడతారు. తలుపులు మూస్తారు, నీరు ఎక్కుతుంది లేదా దిగుతుంది, అవతలి తలుపులు తెరుస్తారు. అప్పటిదాకా తాడు భుజాన వేసుకుని గట్టు వెంట పడవను లాగుకొచ్చిన కళాసీలు ఈలోపు చెట్టు కింద కూర్చుని చద్దన్నం తింటారు. పడవ కదలగానే మళ్ళీ తాడు అందుకుంటారు. ఈ మొత్తంలో వాళ్ళ పేరు అడిగేవాడు లేడు.

1890లో మద్రాసు ప్రభుత్వం కాలువలు, బల్లకట్ల మీద ఒక చట్టమే చేసింది. దాంతో పడవలకు లైసెన్సులు, రుసుములు, తనిఖీలు ఒక పద్ధతిలోకి వచ్చాయి. సర్కారుకు రాబడి వచ్చేది పడవ మీద, అది మోసే బరువు మీద. కాబట్టి పడవ యజమాని లెక్కకెక్కాడు, ధాన్యం బస్తా లెక్కకెక్కింది. పడవల వ్యాపారం చేసిన కుటుంబాలవారు ఇవాళ తమ తాతల గురించి వెతకాలంటే ప్రజాపనుల శాఖ కాగితాలు పనికొస్తాయి. పడవ లాగినవారి మనవళ్ళకు అవి అక్కరకు రావు.

కోరంగి పోయింది, కాకినాడ లేచింది

కాలువ చివర రేవు ఉంది. పాత రేవు కోరంగి. 18వ శతాబ్దంలో ఓడలు కట్టడానికి, మరమ్మతు చేయడానికి తూర్పు తీరమంతటా పేరున్న చోటు అది. 1789లో ఒకసారి, 1839 నవంబరు 25న మరోసారి తుపాను, ఉప్పెన కలిసి దాన్ని ఊడ్చేశాయి. తుపాను కొట్టిన దెబ్బ నుంచి కోలుకునేదేమో కానీ, గోదావరి తెచ్చిపోసే మేట నుంచి కోలుకోలేకపోయింది. ఓడలు దగ్గరకు రాలేనంతగా నోరు పూడిపోయింది.

వ్యాపారం కాకినాడకు జరిగింది. కాకినాడలోని జగన్నాథపురం 1825 దాకా డచ్చివారి చేతిలో ఉండేది. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి పత్తి రావడం ఆగిపోయి, ఇంగ్లండు మిల్లులు ఇండియా పత్తి కోసం ఎగబడ్డాయి. కాకినాడకు ఆ గిరాకీ కలిసొచ్చింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల ఎర్రఛాయ పత్తికి విదేశీ మార్కెట్లో 'కోకనాడ' అనే పేరే స్థిరపడింది. కాకినాడలోనూ పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరంగా సముద్రంలో లంగరు వేస్తే, నావల మీద సరుకు, మనుషులు వెళ్ళి ఎక్కాలి. 1893లో సామర్లకోట నుంచి కాకినాడకు రైలొచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు. దాంతో కాలువ పడవకు పోటీ మొదలైంది.

ఈ వ్యాపారం తాలూకు కాగితానికి కొదవ లేదు. ఏ ఏడాది ఏ రేవు నుంచి ఎంత పత్తి, ఎన్ని నువ్వులు, ఎంత బియ్యం పోయిందో కస్టమ్స్ లెక్కలు ఏటా అచ్చయ్యేవి. ఓడల వైపు చూస్తే, 1856లో కలకత్తా–బర్మా మధ్య నడవడానికి పుట్టిన ఒక కంపెనీ 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అయింది. గోపాలపూర్, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో కూలీజనాన్ని ఎక్కించుకుని రంగూన్‌లో దించింది ప్రధానంగా ఈ కంపెనీ ఓడలే. కంపెనీకి టిక్కెట్టు డబ్బు కావాలి. డెక్ మీద ఎందరు పట్టారన్నది కావాలి. వాళ్ళెవరన్నది అక్కర్లేదు.

జాబితాలో ఒక వరుస

నేటాల్ ఓడల దగ్గర కథ వేరు. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసివచ్చారు. ఒప్పందం మీద ఇండియా కూలీల్ని తీసుకెళ్ళడం మొదలైంది. ఇది వేరే పేరుతో బానిసత్వమే అని లండన్‌లో గొడవ లేవగానే ప్రభుత్వం వలసల్ని ఆపింది. 1842లో మళ్ళీ అనుమతిస్తూ షరతులు పెట్టింది. రేవులో ఏజెంటు ఉండాలి, రక్షణాధికారి ఉండాలి, వెళ్ళే ప్రతి మనిషినీ నమోదు చేయాలి. 1843లో కోరంగి పేరే పెట్టుకున్న 'కోరింగా పాకెట్' ఓడ తెలుగు కూలీల్ని మారిషస్‌కు తీసుకెళ్ళింది. కోరంగి మీదుగా వెళ్ళారు కాబట్టి మారిషస్‌లోనూ తర్వాత బర్మాలోనూ మనవాళ్ళను కొరింగీలనే పిలిచారు.

1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అక్కడి నుంచి 1911 వరకు నేటాల్ వెళ్ళినవారు 1,52,184 మంది. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, ప్రతి ఒక్కరికీ ఒక వరుస నంబరు ఇవ్వడమే. ఒప్పందం అయిదేళ్ళు. జీతం మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏడాదికో షిల్లింగు పెంపు.

ఆ జాబితాలో అడ్డంగా ఒక వరుస చదువుదాం. మొదట నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు. చివర ఒంటి గుర్తులు: మోకాలి మీద దెబ్బ మచ్చ, నుదుట గాటు, భుజాన పుట్టుమచ్చ. ఈ గుర్తులు రాసింది ముచ్చటపడి కాదు. తోట నుంచి పారిపోతే పట్టుకోవడానికి, ఒకడి బదులు ఇంకొకడు రాకుండా చూడటానికి. మారిషస్‌లోనైతే 1860ల నుంచి ఫొటోలు కూడా తీయించారు. కూలీని కాపాడటానికని పుట్టిన రిజిస్టరు, కూలీని కట్టిపడేయడానికీ అంతే బాగా పనికొచ్చింది.

ఈ వరుసలో రెండు విషయాలు తెలుగు పాఠకుడికి కొట్టొచ్చినట్టు కనబడతాయి. మొదటిది, ఆడవాళ్ళ పేర్లు. నూరుమంది మగవారికి 40 మంది ఆడవారు ఉండాలన్న నిబంధన ఒకటి ఉండేది. అందుకని ఓడెక్కిన ప్రతి స్త్రీకీ సొంతంగా ఒక వరుస, ఒక నంబరు వచ్చాయి. అదే కాలంలో మన ఊరి పట్టాల్లో, లెక్కల్లో కూలి కుటుంబాల ఆడవారి పేరు వెతికి చూడండి, దొరకడం గగనం.

రెండోది, ఇంటిపేరు లేకపోవడం. తండ్రి పేరుకు గడి ఉంది, కులానికి గడి ఉంది, ఇంటిపేరుకు మాత్రం లేదు. తెలుగువాడు సంబంధం చూడాలన్నా, జ్ఞాతి ఎవరో తేల్చాలన్నా మొదట అడిగేది ఇంటిపేరే. ఆ ఫారాన్ని తయారుచేసినవారికి దాని సంగతి తెలియదు. దాంతో ఏమైంది? పేరు చివర ఉన్న నాయుడు లాంటి మాటే దక్షిణాఫ్రికాలో వంశం పేరుగా స్థిరపడింది. ఇవాళ డర్బన్ నుంచి వచ్చే మునిమనవడి చేతిలో ఊరి పేరు ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. ఊళ్ళో ఉన్న బంధువుకు ఇంటిపేరు తెలుసు, ఓడ నంబరు తెలియదు. రెండువైపులా సగం సగం తాళంచెవులున్నా పెట్టె తెరుచుకోని పరిస్థితి.

రంగానికి రాతకోతలు లేవు

ఇక చిన్నవాడి దగ్గరికి వద్దాం. మన పెద్దవాళ్ళు రంగూన్ అనేవారు కాదు, రంగం అనేవారు. రంగం వెళ్ళొచ్చినవాడు తెచ్చిన ట్రంకుపెట్టె, రంగం టేకుతో చేయించిన తలుపులు గోదావరి, విశాఖ జిల్లాల్లో చాలా ఇళ్ళలో కనిపించేవి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. అందులో తెలుగువారు లక్షన్నరకు పైమాటే. సుమారు 4 లక్షల జనాభా ఉన్న రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే. రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షా లాగింది ఎక్కువగా మనవాళ్ళే.

ఇంతమంది వెళ్తే ఓడ జాబితా ఎందుకు లేదు? కారణం చాలా మామూలుది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడ నుంచి రంగూన్‌కు వెళ్ళడం చట్టం దృష్టిలో కాకినాడ నుంచి మద్రాసుకు వెళ్ళడం లాంటిదే. వలస చట్టం దానికి వర్తించదు. రక్షణాధికారి లేడు, ఒప్పంద పత్రం లేదు, నంబరు లేదు. టిక్కెట్టు కొనుక్కున్న స్వేచ్ఛాజీవి అతను.

స్వేచ్ఛ కాగితం మీదే. అసలు పగ్గాలు మేస్త్రీ చేతిలో ఉండేవి. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి, టిక్కెట్టు కొని, ముఠా కట్టి తీసుకెళ్ళేది అతనే. రంగూన్‌లో పని చూపించేదీ, కూలి డబ్బు ముందుగా తన చేతిలో వేయించుకుని అప్పు కోసుకుని మిగిలింది ఇచ్చేదీ అతనే. అంటే కూలీల పేర్లు ఒక పుస్తకంలో ఉండేవి. అది సర్కారు పుస్తకం కాదు, మేస్త్రీ చిట్టా. అప్పు తీరాక, లేదా మనిషి పోయాక ఆ చిట్టాను ఏ ఆర్కైవూ దాచలేదు.

కొరింగీలు పత్రికలకెక్కింది రక్తం చిందినప్పుడే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మెకు దిగారు. ఓడల కంపెనీలు బర్మా కూలీల్ని పనిలో పెట్టుకున్నాయి. తర్వాత సమ్మె పరిష్కారమై పాతవాళ్ళు పనిలోకి రాగానే, కొత్తగా చేరినవారిని పొమ్మన్నారు. మే 26న మొదలైన దాడులు కొన్ని రోజులు సాగాయి. చనిపోయినవారు చాలామంది ఆ రేవుకూలీలే. వాళ్ళ గురించి రాసినవారికి వాళ్ళు 'కొరింగీ కూలీలు' అన్న గుంపు మాత్రమే.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అందిన ఓడలో కొందరు, అస్సాం, అరకాను కొండదారుల్లో కాలినడకన లక్షల మంది వెనక్కి బయల్దేరారు. దారిలో పోయినవారి లెక్క తేల్చడం అప్పుడే కుదరలేదు, ఇక ఎప్పటికీ కుదరదు. యుద్ధం తర్వాత తిరిగి వెళ్ళినవారికి, అక్కడే మిగిలినవారికి 1948లో బర్మా స్వతంత్రమయ్యాక విదేశీయుల నమోదు పత్రాలు చేతికొచ్చాయి. రంగం కూలీకి తన పేరుతో ఒక సర్కారు కాగితం దొరికింది అతను పరాయివాడు అయ్యాకే. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, తర్వాత రెండేళ్ళకు వ్యాపారాల్ని జాతీయం చేశాక లక్షకు పైగా భారతీయులు తిరిగొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెం దగ్గరి బర్మాక్యాంపు అలా ఏర్పడిందే.

యానాం మాటేమిటి?

ఇదే డెల్టాలో మరో రకం కాగితం ఉంది. యానాం ఫ్రెంచివారిది కావడంతో, అక్కడి పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ఫ్రెంచి పద్ధతిలో రిజిస్టర్లకెక్కాయి. దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ పట్టణంలో వలసదేశాల ఆర్కైవు ఉంది. ఫ్రెంచి ఇండియా పౌర రిజిస్టర్లు అక్కడ చూడవచ్చు. కూతవేటు దూరంలో ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉన్న ఇంజరం, నీలపల్లి కుటుంబాలకు అలాంటి వరస రికార్డు లేదు. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక బాల్యవివాహాలు చేయాలనుకున్నవాళ్ళు పెళ్ళివారితో సహా యానాం తరలిపోయారు. యానాంకు కల్యాణపురం అన్న పేరొచ్చింది అందుకే. మీ ఇంట్లో 1930ల నాటి శుభలేఖ మీద, చుట్టరికమేమీ లేని యానాం వేదికగా కనిపిస్తే, వధువు వయసు లెక్కగట్టి చూడండి.

వెతకబోయేవారికి

ఇప్పుడు ఇంట్లో వెతుకులాట మొదలుపెట్టేవారికి నాలుగు మాటలు. మొదటగా జిల్లా పేరును నమ్మకండి, ఏడాదిని చూడండి. 1859 దాకా రాజమండ్రి జిల్లా, తర్వాత గోదావరి జిల్లా. తణుకు తాలూకాను తీసుకుంటే 1904లో గోదావరి నుంచి కృష్ణా జిల్లాకు మారింది, 1925లో పశ్చిమ గోదావరిలోకి వచ్చింది. అంటే ఒకే ఊరి తాత, తండ్రి, కొడుకు మూడు జిల్లాల వాళ్ళుగా కనిపించవచ్చు.

రెండు, తాత నేటాల్, మారిషస్ వెళ్ళారని చెప్పుకుంటే జాబితా ఉండే అవకాశం ఎక్కువ. నేటాల్ జాబితాలు డర్బన్‌లో, మారిషస్‌వి అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మనవైపు పాత జిల్లా రికార్డుల్లో కొంతభాగం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంది. పేరు అక్షరాల్ని పట్టుకు వేలాడకండి. తెలుగు పేరును చెవితో విని ఇంగ్లీషులో రాసినవాడు తనకు తోచినట్టు రాశాడు. తండ్రి పేరు, ఊరు, వయసు మూడూ కలిస్తేనే ముందుకు వెళ్ళండి.

మూడు, తాత రంగం వెళ్ళారంటే ఓడ కాగితం కోసం కాలం వృథా చేయకుండా అప్పు కాగితం కోసం చూడండి. మన దస్తావేజుల్లో అప్పు ఎందుకు తీసుకున్నదీ, ఏ ఖర్చు నిమిత్తమన్నదీ రాసే అలవాటు ఉంది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులోని తనఖా పత్రం, ఇంట్లో దాచిన ప్రోనోటు, మనియార్డరు రసీదు, దాని వెనక రాసిన నాలుగు ముక్కలు: రంగం కుటుంబాలకు ఆర్కైవు ఇదే. నాలుగు, దస్తావేజు చదివేటప్పుడు సాక్షుల పేర్లు వదలకండి. కలిసి వెళ్ళిన ముఠా తరచుగా అక్కడే దొరుకుతుంది. సాక్షి సంతకాల్లో ఇంటిపేరు ఉంటుంది. ఓడ జాబితా వదిలేసింది సరిగ్గా దాన్నే.

ఏ చిట్టా అయినా దాన్ని రాయించినవాడి అవసరం మేరకే మాట్లాడుతుంది. రుసుము కావలసినవాడు పడవను రాసుకున్నాడు, టిక్కెట్టు అమ్మేవాడు తలల్ని లెక్కపెట్టాడు, పారిపోతారని భయపడినవాడు మచ్చల్ని రాసుకున్నాడు. దక్షిణాఫ్రికా తెలుగువారికి అయిదు తరాల వెనకటి ఊరు తెలిసి, రంగం వెళ్ళొచ్చినవారి మనవళ్ళకు తాత పనిచేసిన మిల్లు కూడా తెలియకపోవడం వాళ్ళ నిర్లక్ష్యం కాదు. ఒకరు చట్టం కళ్ళ ముందు నుంచి వెళ్ళారు, మరొకరు చట్టం చూపు పడని దారిన వెళ్ళారు. రెండోవారి చరిత్ర రాయాలంటే సర్కారు గదుల కంటే ముందు మన అటకలు దులపాలి. ఆ పని చేయగలిగింది ఆ ఇళ్ళవాళ్ళే.

వచ్చే భాగంలో: నిజాం రైలు 1874లో సికింద్రాబాద్ చేరాక దానివెంట వచ్చిన కాంట్రాక్టర్లు, గుమస్తాలు, వాళ్ళు వదిలివెళ్ళిన లెక్కల పుస్తకాలు.